కొంగున కట్టిన ఫ్యూజు

నా అంగడికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది నన్ను దొంగ అనుకునే మెట్లెక్కుతారు. బల్బు కొంటే నాలుగుసార్లు వెలిగించి చూపించాలి. వైరు కొలిచి ఇస్తే ఇంటికి పోయి మళ్లీ కొలుచుకుంటారు. కర్నూల్లో కరెంటు సామాన్ల అంగడి పెట్టుకున్నవాడికి ఇదంతా మామూలేనని మా నాయన అనంతయ్య అంటుంటాడు గానీ, నాకు ఇరవై ఏళ్లయినా ఒళ్లు మండుతూనే ఉంటుంది. అట్లాంటి అంగడిలో, కట్టిన పొట్లం విప్పి చూడకుండా సంచిలో వేసుకుని పోయే మనిషి ఒక్కడు ఉండేవాడు. కోసిగి చిన్న ఈరన్న.

"నువ్వు చూసే కట్టింటావు కదన్నా, మల్ల నేను చూసేదేముండాది" అనేవాడు. పన్నెండేళ్లు అదే మాట. ఆ మాట వినడానికే అతను వచ్చే సోమవారం కోసం చూసేవాణ్ణంటే ఎవరూ నమ్మరు, కానీ నిజం. అతని సంగతి రాద్దామని కూర్చుంటే నా సంగతి కూడా బయటపడుతుంది. పడనీ.

ఈరన్నది కోసిగికి నాలుగు మైళ్ల అవతల ఒక రాళ్ల చేల ఊరు. వానలు మొహం చాటేసే ఊళ్లవి. దీపావళి దాటితే సగం ఊరు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. దాన్ని అక్కడ సుగ్గి అంటారు. ఉగాదికి గానీ తిరిగి రారు. ఈరన్న కూడా తల్లి చంకలో మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ల దాకా సుగ్గికి పోయినవాడే. ఏడో తరగతి నాలుగు బడుల్లో చదివాడు, ఒక్క బడిలోనూ పరీక్ష రాయలేదు. మిరపకాయల ఘాటుకు పట్టుకున్న దగ్గు ఇప్పటికీ అతణ్ణి వదల్లేదు.

పందొమ్మిదో ఏట ఎర్రగుంట్ల పోయి సిమెంటు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద ఎలక్ట్రికల్ హెల్పరుగా చేరాడు. పెద్ద పెద్ద మోటార్ల వేగాన్ని అదుపు చేసే ఇనప బీరువాలు అక్కడ ఉండేవి. వాటిలో కాలిపోయిన బోర్డులను తుక్కులో పారేసేవాళ్లు. ఈరన్న మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో ఆ తుక్కు ముందు కూర్చుని, ఏ ముక్క ఎందుకు కాలిందో చూసేవాడు. చెప్పేవాడు లేడు. ఎనిమిదేళ్లు చూసి చూసి తనంతట తానే తెలుసుకున్నాడు. అందరూ వాచీ కొనుక్కుంటుంటే తను మొదటి జీతంతో కరెంటు పరీక్షించే మీటరు కొనుక్కున్నాడు. శివలీలను పెళ్లి చేసుకున్నాక ఆ సిమెంటు దుమ్ము ఇంక చాలనిపించి కోసిగి తిరిగొచ్చి, రైలు గేటు దగ్గర ఒక గది తీసుకున్నాడు.

రిపేర్లతో మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడి కంపెనీల సోలార్ ఇన్వర్టర్లు కోసిగికి వచ్చి మే నెలలో చచ్చిపోయేవి. వాటిని విప్పి, తల గోక్కుంటూ, "ఈ పెట్టె చేసినోడు మన ఎండను చూసినోడు కాదన్నా" అనేవాడు. గాలి కోసం పెట్టిన సందుల్లోంచి దుమ్ము పోతుంది, దుమ్ము పేరుకుంటే వేడి బయటికి రాదు, బల్లి దూరితే అంతటితో సరి. చివరికి తనే పెట్టె చేయడం మొదలుపెట్టాడు. పైన ప్యానెల్, కింద రెండు బ్యాటరీలు, మధ్యలో ఈరన్న పెట్టె. సాయంత్రం కరెంటు పోతే రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ నడుస్తాయి. వేడి లాగడానికి దళసరి అల్యూమినియం వంటపాత్రల అడుగులు కోసి బిగించేవాడు. దుమ్ము ఆగడానికి పాత వాయిల్ చీర ముక్కను చట్రానికి కుట్టి తగిలించేవాడు, నెలకోసారి ఉతికి మళ్లీ తొడగొచ్చు. తయారైన ప్రతి పెట్టెనూ మండుటెండలో రేకుల మీద మూడు రోజులు నడిపి, తట్టుకుంటేనే ఇచ్చేవాడు. ఇంజనీరింగు చదివినవాళ్లు నా అంగడిలో నిలబడి ఆ పెట్టెను చూసి నవ్విన రోజులున్నాయి. వాళ్లు నవ్వినంత మాత్రాన అది ఆగలేదు.

నేనూ ఒకసారి నవ్వాను. బ్యాటరీకీ పెట్టెకూ మధ్య పాతకాలపు తెల్ల పింగాణీ ఫ్యూజు పెట్టాడు. చేత్తో పీకి చేత్తో పెట్టే రకం.

"ఈ కాలంలో ఇదేందప్పా ఈరన్నా, మా తాతల నాటిది" అన్నాను.

"మా ఊర్లోళ్లకు ఇది తెలుసన్నా. తీగ పోతే వాళ్లే వేసుకుంటారు. నాకోసం కనిపెట్టుకోని ఉండే పని ల్యా."

మూడేళ్లలో అరవై పెట్టెలు ఇచ్చాడు. ఒక్కటీ తిరిగి రాలేదు.

పోయిన ఏడు అతని ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లు ఒక్కసారే ముప్పై ఎనిమిది పెట్టెలు అడిగారు. సంఘం పెద్ద రామేశ్వరమ్మ. నలభై అయిదేళ్ల మనిషి, పెనిమిటి లేడు, కొడుకు చంద్రను పోలీసు ఉద్యోగానికి చదివిస్తూ తను సుగ్గికి పోతుంది. సుగ్గి లారీలు కదిలేలోపు అన్నీ బిగించెయ్యాలని ఆమె షరతు పెట్టింది. ఈరన్న దసరా ముందు సోమవారం నా అంగడికి వచ్చాడు. కావలసింది మాస్‌ఫెట్లు.

మాస్‌ఫెట్ అంటే బొటనవేలి గోరంత నల్ల ముక్క, మూడు కాళ్లుంటాయి. ప్యానెల్ నుంచి దిగే కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతూ బ్యాటరీకి ఎంత కావాలో అంతే పంపేది అదే. పెట్టెకు గుండెకాయ. ఈరన్న ఎప్పుడూ నూరు ఓల్టులు తట్టుకునే రకమే తీసుకుపోయేవాడు. ఆ ఏడు నా దగ్గర యాభై అయిదు ఓల్టుల రకం నాలుగేళ్ల నుంచి కదలకుండా పడి ఉంది. తెప్పించినవాణ్ణి నేనే, దాన్ని చూసినప్పుడల్లా నా తెలివితక్కువతనం నాకు కనబడేది.

"నూరువి స్టాకు లేవప్పా" అన్నాను.

ఉన్నాయి. నా మోకాలికి తగులుతున్న సొరుగులోనే ఉన్నాయి.

ఈరన్న నసిగాడు. "ప్యానెల్ నలభై నాలుగిస్తాదన్నా. చలికాలం పొద్దున్నే ఇంగా రెండు మూడు ఎక్కువిస్తాది."

"అయినా యాభై అయిదు లోపలే కదా. బ్యాటరీ చూస్తే ఇరవై నాలుగు. దానికి రెండింతలు తట్టుకుంటుంటే ఇంకేం కావాలప్పా నీకు? నేను నీకు చెడ్డ మాట చెప్తానా?"

అతను నా చేతుల వైపు చూశాడు, బల్ల మీంచి కిందికి చూశాడు, గోడ మీద క్యాలెండరు చూశాడు. "సరేలే అన్నా" అని పొట్లం సంచిలో వేసుకున్నాడు. ఎప్పట్లాగే విప్పి చూడలేదు. బస్సుకు పోతూ పోతూ మా నాయన ఆరోగ్యం అడిగాడు. నాకు ఆ పూట భోజనం బాగానే సయించింది, అది కూడా చెప్పాలి.

డిసెంబరు రెండో వారంలో ఒక పగలు పదకొండింటికి ఫోన్ వచ్చింది.

"అన్నా, రామేశ్వరమ్మోళ్ల ఇల్లు కాలిపాయ. ఇంట్లో ఎవురూ లేరు. నా పెట్టె ఉన్న మూల నుంచే లేసిందంట."

అతని గొంతు మామూలుగానే ఉంది. అంగడి మూసి, కారు తీసి, ఎమ్మిగనూరు మీదుగా కోసిగి దాటి వాళ్ల ఊరు పోయాను. స్నేహం కొద్దీ పోయానని అప్పుడు ఈరన్న అనుకుని ఉంటాడు. భయంతో పోయాను. దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటున్నాను, ఇళ్లు సవాలక్ష కారణాలకు కాలుతాయని, బోర్డుకు చెద పట్టి ఉంటుందని, ఎలుక కొరికి ఉంటుందని.

రామేశ్వరమ్మది మట్టి మిద్దె. గోడలు నిలిచే ఉన్నాయి, లోపలంతా నల్లగా అయిపోయింది. నాలుగు మూటల జొన్నలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. పక్కింటి మారెన్న, తుంటి విరిగి సుగ్గికి పోలేక ఊళ్లోనే ఉండిపోయిన ముసలాయన, ఉన్న పదిమందిని కేకేసి బిందెలతో ఆర్పించాడట. ఈరన్న మూలకు పోయి పెట్టె మిగిలిన ముక్కను బయటికి తెచ్చి, గడప మీద పెట్టి విప్పాడు. మాస్‌ఫెట్ మీద మీటరు పెట్టాడు. అది కుయ్యిమంది. కుయ్యిమందంటే లోపల అతుక్కుపోయిందని అర్థం. ఇక అది ఆపదు, ప్యానెల్ నుంచి వచ్చిందంతా వదిలేస్తుంది.

"బ్యాటరీలు పైపైనే మాడినాయి, లోపల బాగానే ఉండాయే" అన్నాడు ఈరన్న తనలో తాను. "బ్యాటరీ ఉంటే ఇది ఇట్ల పోగూడదే." మళ్లీ వెతికి, "ఫ్యూజు యాడ? పింగాణీది కదా, కాలదే" అన్నాడు.

మారెన్న కట్టె మీద వాలి, వీడికింత మాత్రం తెలీదా అన్నట్టు చూశాడు. "ఫ్యూజు ఈడేంటికుంటాదప్పా? రామేశ్వరమ్మ కొంగుకు కట్టుకోని పోయింటాది. సుగ్గికి పోయేటోళ్లు ఎవురన్నా ఫ్యూజు ఇంట్లో పెట్టి పోతారా?"

ఊళ్లోకి కరెంటు వచ్చినప్పటి నుంచీ అది వాళ్ల అలవాటు. ఇంటికి తాళం పెట్టేముందు మీటరు కింది ఫ్యూజు పీకి, ఆడమనిషి కొంగు చివర ముడేసుకుంటుంది. తాళం చెవి ఒక ముడి, ఫ్యూజు ఒక ముడి. ఇంక ఆ ఇంట్లో కరెంటు ఎవరూ దొంగిలించలేరు, మీటరు తిరగదు, మనసుకు నిమ్మళం. కొత్త పెట్టెలోనూ అచ్చం అలాంటి పింగాణీ ఫ్యూజే కనబడేసరికి దాన్నీ పీకి ముడేసుకున్నారు. జాగ్రత్త కొద్దీ చేసిన పని.

ఈరన్న గడప మీదే కూలబడ్డాడు. కాసేపటికి నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. లారీలు తెల్లారకముందే కదులుతాయి. ఫ్యూజు పీకినప్పుడు చీకటి, ప్యానెల్ నిద్రపోతుంటుంది, ఏమీ కాదు. వాళ్లు ఎమ్మిగనూరు దాటేసరికి పొద్దు పొడుస్తుంది, ప్యానెల్ లేస్తుంది. బ్యాటరీ ఉన్నంతవరకూ ఓల్టేజిని అది పట్టి ఉంచుతుంది. ఫ్యూజు పీకాక ఆ పట్టు లేదు. మాస్‌ఫెట్ ఆపిన ప్రతిసారీ ఓల్టేజికి ఒక పోటు లేస్తుంది, చలికి ప్యానెల్ కూడా ఎక్కువ ఇస్తుంది, ఏదో ఒక పొద్దున ఆ పోటు యాభై అయిదు దాటుతుంది. ఆ తర్వాత ఎండ ఉన్నంతసేపూ బోర్డు మాడుతూనే ఉంటుంది.

"మూడేండ్ల నుంచి అరవై ఇండ్లోళ్లు ఇట్లనే పీకి పోయింటారు" అన్నాడు. "నూరు ఓల్టులవి గమ్మున తట్టుకున్యాయి. నాకు తెలీకుండానే తట్టుకున్యాయి."

నా వైపు చూడకుండానే అన్నాడు. చెప్పాల్సిన మాట అప్పుడే నా నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అతను లేచి, "ఇంగా ముప్పై ఏడు ఇండ్లుండాయన్నా" అన్నాడు. నేను బతికిపోయాననుకున్నాను.

ముప్పై ఏడింటిలో తొమ్మిదింట్లో ఎవరో ఒకరు ఉన్నారు. ఇరవై ఎనిమిదింటికి తాళాలు. తాళం చెవులూ ఫ్యూజులూ గుంటూరు మిరప చేలల్లో ఉన్నాయి. ఫోన్లు చేస్తే సగం కలవలేదు, కలిసినవాళ్లు మాత్రం ఏం చేస్తారు? తాళం పగలగొట్టమన్నవాళ్లు ఇద్దరే. మిగిలిన దారి మిద్దెలెక్కడం. పెట్టెను ముట్టుకోలేకపోయినా పైన ప్యానెల్ తీగ పీకేస్తే చాలు. కానీ ఎండలో ఆ తీగ పీకితే నిప్పు రవ్వలు లేస్తాయి, పొద్దు గుంకేదాకా ఆగితే ఆలోపు ఇంకో ఇల్లు అంటుకోవచ్చు. ఈరన్న ఇంటికి పోయి రెండు నల్ల గొంగళ్లు తెచ్చాడు. ప్యానెల్ మీద గొంగడి కప్పి, కరెంటు ఆగాక తీగ పీకి, మళ్లీ గొంగడి చంకన పెట్టుకుని దిగాలి. నేను నిచ్చెన పట్టుకున్నాను. నాకు మిద్దెలెక్కడం చేతకాదు. చేతనైంది అబద్ధమాడడం, అది ఎప్పుడో అయిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు సాయంత్రం దాకా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. మట్టి మిద్దె మీద కాలు ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు, దూలం ఉన్నచోట చూసి పెట్టాలి. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. పై వీధిలో ఒకాయన రాయి తీసుకుని వచ్చాడు, తాళాలేసిన ఇళ్లు చూసి దోచుకుంటున్నామని. ఈరన్నను గుర్తుపట్టాక రాయి పారేశాడు గానీ, "నీ పెట్టెలు ఇండ్లు కాలుస్తాండాయంట కదా" అని అడిగాడు. ఈరన్న నిచ్చెన తీసి పక్క గోడకు ఆనించాడు.

పందొమ్మిదో ఇంటికి తాళం లేదు. లోపల గిడ్డమ్మ ఉంది, ఎనభై దాటిన ముసలామె. కొడుకూ కోడలూ సుగ్గికి పోతూ ఫ్యూజు తీసుకుపోయి ఆమెను ఇంట్లో వదిలిపోయారు. పెట్టె ఆమె మంచం పక్కనే చెక్క పీట మీద ఉంది. ఈరన్న చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. కాలుతోంది.

"దాన్ని కదిలియ్యద్దప్పా" అంది గిడ్డమ్మ. "చలికి నడుం పట్టేస్తాది. నాలుగు దినాల నుంచి అది వెచ్చగ ఉండాది. మద్యానం దానికి ఆనుకోని పండుకుంటాండా, శానా హాయిగ ఉండాది."

పీట అడుగున చెక్క మాడి గోధుమరంగుకు తిరిగింది. ఈరన్న మిద్దెక్కి తీగ పీకి వచ్చి, పెట్టెను బయటికి మోసుకుపోయి వాకిట్లో పెట్టి, దాని పక్కనే వాంతి చేసుకున్నాడు. గిడ్డమ్మ లోపలినుంచి, వెచ్చటి పెట్టె ఎత్తుకుపోయాడని అతణ్ణి తిడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చే మొహం నాది కాదని మింగేశాను.

మూడో రోజు రామేశ్వరమ్మ గుంటూరు నుంచి రైల్లో వచ్చింది. అప్పటికి ఊళ్లో మిగిలినవాళ్లంతా ఆ వాకిట్లో ఉన్నారు. ఆమె లోపలికి పోయి అంతా తిరిగి చూసింది. జొన్నలు చూసింది. చంద్ర సర్టిఫికెట్లు పెట్టిన రేకు పెట్టె తెరిచింది, కాయితాలు బూడిదై అంటుకుపోయి ఉన్నాయి. దాన్ని మూసేసి బయటికి వచ్చి, ఈరన్న ఎదురుగా నిలబడి కొంగు విప్పింది. ముడిలో తెల్ల పింగాణీ ఫ్యూజులు రెండున్నాయి. మీటరుది ఒకటి, పెట్టెది ఒకటి.

"సూడప్పా, రెండూ మరిచిపోకుండ పీకినా. దావెంట చెయ్యి పెట్టి సూసుకుంటానే పోయినా. మల్ల ఎట్ల కాలింది? నేను సరిగ్గనే పీకినా కదా?"

ఈరన్న పెట్టె ఫ్యూజును చేతిలోకి తీసుకున్నాడు. "నీ తప్పేం ల్యాదత్తా" అన్నాడు. ఆ ముడి వైపు చూసి, "మా యమ్మ కూడా ఇట్లనే ముడేసుకుంటాండె. ఆ కొంగు పట్టుకోనే నేను లారీ ఎక్కుతాంటి. నేనెట్ల మర్సిపోతి?" అన్నాడు.

ఎవరో వెనకనుంచి అడిగారు, మరి తప్పు ఎవరిది అని.

"నాదే."

అంతే అన్నాడు. అందులో నా పేరు లేదు, నా అంగడి లేదు, యాభై అయిదు లేదు. నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో, గోడకు ఆనుకుని ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. ఒక్కమాట చాలు. ఇరవై ఏళ్లుగా నన్ను దొంగ అనుకునే జనం మీద నాకున్న కోపమంతా ఆ నిమిషాన ఎటు పోయిందో తెలీదు. వాళ్లు అనుకున్నది నిజమేనని ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈరన్న తన ఇల్లు రామేశ్వరమ్మకు ఇచ్చేశాడు, ఆమె ఇల్లు తిరిగి లేచేదాకా. తను, శివలీల రైలు గేటు దగ్గరి గదిలో సామాన్ల మధ్య పడుకుంటున్నారు. ఊళ్లో ఇద్దరు పాత పెట్టెలను కూడా విప్పి వాకిట్లో పెట్టి తీసుకుపొమ్మన్నారు. చంద్ర సర్టిఫికెట్ల నకళ్ల కోసం కర్నూలు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, నేను తెలిసినవాళ్లకు చెప్పి సాయం చేశాను. ఆ అబ్బాయి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. అంతకంటే చెంపదెబ్బ నయం.

సంక్రాంతి ముందు ఒకసారి కోసిగి పోయాను. ఈరన్న లేడు. శివలీల టీ ఇచ్చింది. బోర్డులకు టంకం వేయడం ఆమెకూ వచ్చు, చేతిలో పని ఆపకుండానే అంది, "ఆయప్ప నాతో ఏదీ దాయడన్నా. ఈసారి ఏదో దాస్తాండాడు. నిద్రల్యా, తిండిల్యా. నీకేమన్నా తెలిస్తే సెప్పు."

"ఏముంటుందమ్మా, ఇల్లు కాలిందనే దిగులే" అన్నాను. టీ సగంలో వదిలేసి లేచాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం ఈరన్న అంగడికి వచ్చాడు. మనిషి చిక్కి సగమయ్యాడు, గడ్డం పెరిగింది. సంచిలోంచి కొత్త పెట్టె తీసి బల్ల మీద పెట్టి, అంగడి ముందు ఎండలో ఉన్న నా ప్యానెల్‌కూ రెండు బ్యాటరీలకూ తగిలించాడు. అదే పింగాణీ ఫ్యూజు ఉంది. నాకు అర్థం కాలేదు. ఇంత జరిగాక కూడా అదేనా అనుకున్నాను.

"పీకి సూడన్నా" అన్నాడు.

పీకబోయాను. ఫ్యూజు కొంచెం కదలగానే లోపల టిక్కుమంది, ప్యానెల్ పనిచేస్తోందని చూపే లైటు ఆరిపోయింది. ఆ తర్వాతే ఫ్యూజు పూర్తిగా ఊడి నా చేతికొచ్చింది.

"ముందు ప్యానెల్ ఆగుతాది, మల్లనే బ్యాటరీ తెగుతాది. పోటు లేసినా మింగేదానికి ఇంగో ముక్క పెట్టినా. పీకద్దని సెప్పొచ్చు, కాయితం రాసి అంటించొచ్చు. వాళ్లు ఇన్నేండ్లుగ పీకుతాండారు, రేపూ పీకుతారు. ఇల్లు వదిలిపొయ్యేటప్పుడు వాళ్లకుండేది ఆ ధైర్యమొక్కటే. పెట్టెనే వాళ్లకు తగినట్టు సెయ్యల్ల." నా చేతిలోని ఫ్యూజు తీసుకుని, "ఉగాదికి జనం తిరిగొచ్చేలోపల ముప్పై ఏడు కొత్తవి సిద్ధం సేసి పెట్టల్ల, వాళ్లు రాంగానే మార్సల్ల. నూరు ఓల్టులవి కావాల" అన్నాడు.

నేను సొరుగు లాగాను. అన్నీ అందులోనే ఉన్నాయి. ఇక ఆపుకోలేకపోయాను. "ఈరన్నా, దసరాకు నువ్వొచ్చిన రోజు కూడా ఇవి ఈ సొరుగులోనే ఉన్నాయి. లేవని చెప్పాను. పాత సరుకు వదిలించుకోవాలని చెప్పాను. ఆ ఇల్లు కాల్చింది నేను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. అతను బల్ల అంచు పట్టుకుని తల వంచుకున్నాడు.

"తెలుసన్నా" అన్నాడు. "ఆ పొద్దు సొరుగు రవ్వంత తెరిసే ఉండె. నూరువి నాకు కనపడుతానే ఉండె. పన్నెండేండ్లు నమ్మి, ఎదురుగ నిలబడి, నువ్వు అబద్ధం సెప్తాండావు అని ఎట్లంటాననుకోని గమ్మునుండిపోతి. నీ ముందర మొగమాటానికి పోయి, గిడ్డమ్మ నడుం కింద నిప్పు పెట్టినాను. శివలీలకు కూడా సెప్పల్యా. ఏమని సెప్పేది?"

అంగడిలో ఇంకెవరూ లేరు. బయట ఆటోలు పోతున్నాయి. నేను మాస్‌ఫెట్లు ఏరి, ఎప్పటిలాగే పొట్లం కట్టి అతని ముందు పెట్టాను.

ఈరన్న పొట్లం అందుకున్నాడు. సంచిలోంచి తనే తయారుచేసుకున్న ఇంకో చిన్న పెట్టె తీశాడు. ఒక్కో ముక్క ఎన్ని ఓల్టుల దాకా నిలుస్తుందో చూసే పెట్టె. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నేను కట్టిన దారం విప్పి, నా ఎదురుగానే, మొదటి ముక్కను అందులో పెట్టాడు. ముల్లు నూరు దాటేదాకా చూసి పక్కన పెట్టి, రెండోది తీసుకున్నాడు.

"తప్పుగ అనుకోవద్దన్నా" అన్నాడు, తల ఎత్తకుండా.

అన్నీ అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. నేను అక్కడే నిలబడి, అతను ఒక్కొక్కటే చూస్తుంటే చూస్తూ ఉన్నాను.